గుమ్మం దగ్గర స్టూలు

ఆమె అసలు పేరు ఆస్పత్రి జీతాల రోజున తప్ప ఇంకెప్పుడూ వినబడదు. పుట్టినప్పుడు పిడికెడంత ఉండేదట, అందుకని ఇంట్లో చిట్టి అన్నారు. తర్వాత ఎవరేం ఎరువు వేశారో గానీ ఇంటిల్లిపాదిలోకీ ఆమే పొడుగైంది. పేరు మాత్రం పెరగలేదు. ఆస్పత్రిలో చేరిన వారంలోనే ఆ పేరు ఇంటి నుంచి వార్డుకి పాకింది. చిట్టి సిస్టర్ అంటే, సెలైన్ సీసా తగిలించడానికి స్టూలు ఎక్కనక్కర్లేని నర్సు అని గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

ఆమె పనిచేసేది ఆడవాళ్ల వార్డులో. పొడవాటి గది, అటూ ఇటూ మంచాలు, చివర ఒకే ఒక్క కిటికీ. కిటికీలోంచి చూస్తే బస్టాపు కనబడుతుంది. గుమ్మం పక్కన మందుల బీరువా, దాని పక్కన గోడకి ఫోను. ఆ రెంటికీ మధ్య ఒకప్పుడు ఒక చెక్క స్టూలు ఉండేది. ఈ కథంతా ఆ స్టూలు గురించే అంటే నవ్వుతారు. చిట్టి కూడా మొదట్లో నవ్వింది.

స్టూలు మీద కూర్చునేది పెద్ద సిస్టర్. వార్డుకి ఇన్‌ఛార్జి ఆవిడ. మందులిచ్చే వేళ కాగానే పాత పరదా చింపి కుట్టిన ఒక ఎర్ర పట్టీ తీసి, ఆ పూట మందులివ్వాల్సిన నర్సు భుజం మీదుగా వేసేది. ఇక ఆ పట్టీ వేసుకున్న మనిషిని ఎవరూ పలకరించకూడదు. డాక్టరైనా సరే, రోగి తాలూకు చుట్టాలైనా సరే, నిప్పంటుకుంటే తప్ప నోరెత్తకూడదు. పట్టీ వేసేసి పెద్ద సిస్టర్ తాపీగా వెళ్లి స్టూలు మీద కూర్చునేది. ఫోను మోగితే ఆవిడే ఎత్తేది. రిపోర్టులేవని ఒకరు, దుప్పటి లేదని ఇంకొకరు, మా పిన్నిని ఎప్పుడు పంపిస్తారని మరొకరు గుమ్మం ఎక్కితే ఆవిడే జవాబు చెప్పేది. లోపల ఎర్ర పట్టీ మంచం మంచానికీ ఆగుతూ, ప్రతి రోగినీ పేరడిగి చెప్పించుకుని, మాత్ర నోట్లో పడేదాకా చూసి, ముందుకి కదిలేది.

కొత్తలో చిట్టికి ఇది బొత్తిగా నచ్చలేదు. మనం కాళ్లరిగేలా తిరుగుతుంటే ఆవిడ మహారాణిలా కూర్చుంటుందేమిటని తోటి నర్సుల దగ్గర ఒంటికాలి మీద లేచేది. ఆ మాట పెద్ద సిస్టర్ చెవిన పడింది.  కొన్నాళ్లకి ఆవిడకి జ్వరం వచ్చి సెలవు పెట్టాల్సి వచ్చినప్పుడు, "స్టూలు మీద చిట్టిని కూర్చోబెట్టండి, కాస్త విశ్రాంతిగా ఉంటుంది" అని కబురు చేసింది.

ఆ పూట చిట్టికి తల ప్రాణం తోకకి వచ్చింది. ఒకాయన వాళ్లావిడకి సెలైన్ నెమ్మదిగా ఎక్కుతోందని, నర్సుకి చెప్పి తీరాల్సిందేనని లోపలికి దూసుకుపోబోయాడు. అతన్ని ఆపి, సెలైన్ నెమ్మదిగానే ఎక్కాలని చెప్పి, నమ్మించి, నవ్వించి పంపేసరికి ఇంకో ఇద్దరు తయారు. ల్యాబు నుంచి ఫోను. మందుల కొట్టు నుంచి ఫోను. ఒక చిన్న డాక్టరు "ఒక్క నిమిషం ఆ సిస్టర్‌తో" అంటూ ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. ఆమె లేచి నిలబడింది. అంతే, ఆ పొడుగు చూసి అతను మళ్లీ వస్తానన్నాడు. డ్యూటీ దిగేసరికి ఆమెకి కాళ్లు నొప్పి లేవు గానీ దవడలు పీకాయి. అంతమందికి కాదని చెప్పడం, చెప్పి కూడా మంచిగా ఉండటం ఎంత చాకిరో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత స్టూలు గురించి ఎవరైనా వెటకారంగా మాట్లాడితే ఆమే ముందు వాళ్ల మీద పడేది.

అలా ఏళ్లు గడిచాయి. చిట్టి ఆ వార్డుకి తలలో నాలుక అయిపోయింది. మందులివ్వడం, సూదులు వెయ్యడంతో ఊరుకునే రకం కాదామె. చేతులు పైకెత్తలేని పెద్దవాళ్లకి తలదువ్వేది. ఎవరి కోడలు రావటం లేదో, ఎవరికి పళ్ల సెట్టు వదులైందో ఆమెకి తెలుసు. ఇంటికి వెళ్లాక ఆ కబుర్లన్నీ అత్తగారికి చెప్పేది. అత్తగారికి మోకాళ్లు బాగోక గడప దాటడం తగ్గిపోయింది. టీవీలో వచ్చే కథలకంటే కోడలి వార్డు కథలే ఆవిడకి రుచి. చిట్టి చెప్పులు విడవక ముందే "ఆ మూల మంచం ఆవిడ అన్నం తిందా?" అని మొదలుపెట్టేది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే కొడుకు ఇంటికొస్తే ఆవిడ అంత ఆత్రంగా ఎదురెళ్లిన రోజు లేదు. దాని మీద అతను అలిగేవాడు కూడా, ఉత్తుత్తి అలకలు.

పెద్ద సిస్టర్ రిటైరయ్యాక కొత్త ఇన్‌ఛార్జి వచ్చింది. చిట్టికంటే చిన్నది, చదువు ఎక్కువ చదివింది, చెయ్యి చురుకైనది. ఆమెని చెడ్డదనడానికి నోరు రాదు. మంచం దుప్పట్లు మార్చేది, బెడ్‌పాన్ అందించేది, ఎవరికి చెయ్యి ఖాళీ లేకపోతే వాళ్ల పనిలో దూరేది. వచ్చిన కొత్తలోనే పైనుంచి పెద్దలెవరో ఆస్పత్రి చూడటానికి వచ్చారు. అలాంటి పెద్దలకి గోడల మీద మరకలు, ఖాళీగా కూర్చున్న మనుషులు తప్ప ఇంకేమీ కనబడవు. స్టూలు చూసి, "ఇక్కడెవరు కూర్చుంటారు?" అన్నారు. ఇన్‌ఛార్జి అని ఎవరో చెప్పారు. "కూర్చుని?" అన్నారు. సూపరింటెండెంట్ వాళ్లని గబగబా పక్క వార్డు వైపు నడిపించాడు. కొత్త ఇన్‌ఛార్జి ముఖం ఎర్రబడింది. మర్నాడే స్టూలుని స్టోర్ గదికి పంపించేసింది.

"నేను కూర్చునే మనిషిని కాదు సిస్టర్. మీతో పాటే పనిచేస్తాను" అంది చిట్టితో.

"మీరు కూర్చుంటేనే మాకు పని జరుగుతుంది మేడమ్" అంది చిట్టి.

ఆవిడ అదేదో హాస్యమనుకుని నవ్వేసింది.

ఎర్ర పట్టీ కొన్నాళ్లు బీరువా మేకుకి వేలాడింది. మొదట్లో చిట్టి పట్టుబట్టి వేసుకునేది. కానీ గుమ్మంలో కాపు లేనప్పుడు పట్టీ ఒక్కటే ఏం చేస్తుంది? ఫోను మోగుతూనే ఉంటుంది. చుట్టాలు తిన్నగా వచ్చి చెయ్యి పట్టుకుంటారు. మాత్రలు లెక్క చూసుకుంటుండగా "సిస్టర్, ఈ కాగితం మీద సంతకం" అంటారు. చిట్టి ఆగి, జవాబు చెప్పి, మళ్లీ మొదటి నుంచి చూసుకునేది. భయం పట్టుకుంది ఆమెకి. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, ఇంటికొచ్చాక కూడా "ఆ మాత్ర సరైనదే ఇచ్చానా" అని గుండె పీకేది. రెండుసార్లు ఆ మాట ఇన్‌ఛార్జికి చెప్పింది. "నేను సాయం చేస్తున్నాగా సిస్టర్" అని ఆవిడ ఇంకో ట్రే అందుకుంది. చేతులకి సాయం దొరికింది గానీ, చిట్టికి కావలసింది అది కాదు.

మెల్లగా ఆమె మారిపోయింది. డ్యూటీ వేళకి వచ్చేది, వేళకి దిగేది. చెప్పిందల్లా చేసేది, చెప్పనిది చేసేది కాదు. దువ్వెన సంచిలోనే ఉండిపోయింది. దీన్ని ముందుగా కనిపెట్టింది సూపరింటెండెంటూ కాదు, ఇన్‌ఛార్జీ కాదు. ఇంట్లో కుర్చీలో కూర్చున్న అత్తగారు.

"అమ్మాయ్, బస్సులావిడ ఏమైంది? బస్సు కనబడిందా?" అని అడిగింది ఒక సాయంత్రం. బస్సులావిడంటే చక్కెర జబ్బుతో చేరిన ఒక పెద్దావిడ. వాళ్లక్క కొడుకు బస్సు డ్రైవరు, ఎప్పటికైనా కిటికీ మంచం దొరికితే అతని బస్సు చూడాలని ఆవిడ కోరిక. ఆవిడకి ఇచ్చింది కిటికీకి దూరంగా, గోడవారగా ఉన్న మంచం.

"ఏమో అత్తయ్యా, చూడలేదు."

అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. ఆ మాట కోడలి నోట ఎప్పుడూ వినలేదు. కొడుకు రాగానే "ఒరే, అమ్మాయికి ఒంట్లో బాగోలేదు, కనుక్కో" అంది. అతను కనుక్కున్నాడు. ఒంట్లో బాగానే ఉంది. మనసే విరిగింది.

అతని చెల్లెలు ఒక బళ్లో పంతులమ్మ. వాళ్ల బడికి నర్సు కావాలి. మోకాలు చెక్కుకుపోయిన పిల్లలు, పరీక్షల నాడు కడుపునొప్పులు, అంతే పని. జీతంలో పెద్ద తేడా లేదు. "వదినా, హాయిగా రా. హెడ్‌మిస్ట్రెస్ శనివారం నాడు నీకు ఫోను చేస్తుంది, అవునో కాదో చెప్పెయ్" అంది ఆడపడుచు. వార్డులో సెల్ ఫోన్లు తియ్యకూడదు కనుక చిట్టి వార్డు నంబరే ఇచ్చింది. అవుననే చెప్పాలని నిర్ణయించుకుంది కూడా. భర్త "నీ ఇష్టం చిట్టీ" అన్నాడు. అత్తగారు మాత్రం "బళ్లో కథలేముంటాయి, అందరికీ జలుబే" అని గొణిగింది.

శనివారానికి ముందు, గురువారం పొద్దున్న, ఆ సంగతి జరిగింది.

కిటికీ మంచం మీద దగ్గుతో బాధపడే ఇంకో పెద్దావిడ ఉండేది. కిటికీ గాలికి ఆవిడ దగ్గు ఎక్కువయ్యేది. బస్సులావిడకేమో కిటికీ కావాలి. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఒప్పందం కుదిరింది. ఎవరికీ చెప్పకుండా నీళ్ల సీసాలు, తువ్వాళ్లు, దిండ్లు చంకన పెట్టుకుని మంచాలు మార్చేసుకున్నారు. ఏం ఆశించి చేశారు కనుక? ఒకరికి ఊపిరి ఆడాలి, ఒకరికి బస్సు కనబడాలి. పేరూ మందులూ రాసి మంచం కాళ్ల దగ్గర తగిలించిన చీటీలు మాత్రం వాళ్లతో పాటు మారలేదు.

కొత్త ఇన్‌ఛార్జి ఆ పొద్దున్న సాయానికని ఇన్సులిన్ సూదులు తనే తీసుకుంది. సీసాలోంచి సూదిలోకి మందు తీస్తుండగా ఫోను మోగింది, వెళ్లి ఎత్తింది. తిరిగొచ్చేసరికి ఒకాయన డిశ్చార్జి కాగితాలడిగాడు. ఆయనకి చెప్తుండగా చిట్టి "మేడమ్, బీరువా తాళాలు" అంది. తాళాలిచ్చింది. గోడవారగా ఉన్న మంచం దగ్గరికి వెళ్లి, చీటీ చూసి, "పెద్దమ్మా, సూది" అంది. పేరడగలేదు. దగ్గావిడ మంచి మనిషి, సూది అనగానే చెయ్యి చాపింది. ఆస్పత్రిలో సూది వేస్తామంటే ఎందుకని అడగకూడదని ఆవిడ అభిప్రాయం.

కాసేపటికి చిట్టి అటు వెళితే దగ్గావిడ చెమటలు పోసి ఉంది, చేతులు వణుకుతున్నాయి. "ఇందాకటి సూది బాగా పనిచేస్తోందమ్మా, ఆకలేస్తోంది" అంది.

"ఏ సూది?"

"పొట్టిది. మీ పెద్ద మేడమే వేసింది."

 చిట్టి చీటీ చూసింది, మంచం మీద మనిషిని చూసింది, కిటికీ వైపు చూసింది. అక్కడ బస్సులావిడ రెండు చేతులూ కిటికీ కడ్డీలకి ఆనించి బస్టాపు చూస్తోంది. ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. రక్తంలో చక్కెర చూసింది, దిగిపోతోంది. పంచదార నీళ్లు తాగిస్తూనే డాక్టర్ని కేకేసింది. డాక్టరు వచ్చి గ్లూకోజు ఎక్కించమన్నాడు. కొంతసేపటికి దగ్గావిడ తేరుకుని, భోజనం ఇంకా రాలేదేమని విసుక్కుంది. ఆ విసుగు వింటే చిట్టికి ప్రాణం లేచొచ్చింది.

ఇన్‌ఛార్జి మాత్రం మందుల బీరువా పక్కన గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా చేశాను సిస్టర్? నేనెప్పుడూ... ఒక్కసారి కూడా..." మాట పూర్తి కాలేదు. చిన్నపిల్లలా ఏడ్చింది.

చిట్టి నోటిదాకా ఒక మాట వచ్చింది. నేను ముందే చెప్పాను కదా అనే మాట. దాన్ని మింగేసింది. మింగడం అంత సులువేం కాలేదు, మాట పెద్దది.

"ముఖం కడుక్కోండి మేడమ్. సూపరింటెండెంట్ పిలుస్తారు. నేనూ వస్తాను."

"మీరెందుకు?"

"ఒక్కరే వెళ్తే ఆ గది చాలా పెద్దగా కనబడుతుంది. నేనూ ఒకప్పుడు తప్పు చేసి వెళ్లొచ్చాను కనుక చెప్తున్నా. అప్పుడు పెద్ద సిస్టర్ వచ్చింది నాతో."

సూపరింటెండెంట్ మనిషి కోపిష్టి కాదు. కానీ పైవాళ్లకి ఏం చెప్పాలో తెలియనప్పుడు గొంతు పెరిగిపోతుంది. "రోగులు మంచాలు మారితే చూసుకోరా? పేరడగాలని తెలియదా?" అని అరిచాడు.

"నాదే పొరపాటు సార్" అంది ఇన్‌ఛార్జి.

"అవును సార్, పేరడగలేదు" అంది చిట్టి. "కానీ ఆ సూది చేత్తో పట్టుకుని ఈవిడ ఎంతమందికి జవాబు చెప్పారో నేను చూశాను. ఫోనొకటి, డిశ్చార్జి ఆయన ఒకరు. మూడోది నేనే. తాళాలడిగాను. తెలిసిన దాన్ని, నేనైనా ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు."

సూపరింటెండెంట్ ఆమె వైపు తలెత్తి చూశాడు. నిలబడి ఉన్న చిట్టిని చూడాలంటే ఎవరైనా తలెత్తాల్సిందే.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"స్టూలు తెప్పించండి సార్."

"మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టి జీతమివ్వమంటావా?"

"అవును సార్."

"ఆ స్టూలు ఉన్న రోజుల్లో తప్పులే జరగలేదా?"

 అబద్ధం చెప్పడం చిట్టికి చేతకాదు. "జరిగాయి సార్. తక్కువ జరిగాయి. జరిగిన నాడు మేం దాచలేదు. దాచాల్సిన అవసరం రాలేదు."

ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "రేపు మళ్లీ ఆ పైవాళ్లొచ్చి ఈవిడెందుకు కూర్చుందని అడిగితే?"

 ఇన్‌ఛార్జి కళ్లు తుడుచుకుని ఒకడుగు ముందుకేసింది.

"నేను చెప్తాను సార్. నేనేం చేశానో, ఎందుకు చేశానో చెప్తాను. సిగ్గుపడను."

ఆయన ఇంకాసేపు చిరాకుపడి, చివరికి మీ ఇష్టం అన్నాడు. ఆయన నోటినుంచి అంతకంటే పెద్ద మాట రాదు.

శనివారం పొద్దున్న స్టోర్ గదిలోంచి స్టూలు వచ్చింది. ఒక కాలు కొంచెం కుంటుతోంది, అట్టముక్క మడిచి పెట్టారు. ఇన్‌ఛార్జి మేకు మీది ఎర్ర పట్టీ తీసి దులిపి, చిట్టి భుజం మీద వెయ్యబోయింది. చెయ్యి అందలేదు. చిట్టి వంగింది. మంచాల మీద ఆడవాళ్లు నవ్వారు.

మందుల ట్రే తీసుకుని చిట్టి మొదటి మంచం దగ్గరికి వెళ్లింది. "మీ పేరు చెప్పండమ్మా." పేరు చెప్పింది. చీటీ చూసింది, మాత్ర చూసింది, ఇచ్చింది. తర్వాతి మంచం. వెనక గుమ్మంలో ఇన్‌ఛార్జి గొంతు వినబడుతోంది, కొత్తగా, తడబడుతూ. ఎవరికో కాదని చెప్తోంది, క్షమించమంటోంది, మళ్లీ కాదని చెప్తోంది. ఆవిడకి కూర్చోవడం రావటం లేదు. కాళ్లు పదేపదే లేస్తున్నాయి, మళ్లీ కూర్చుంటోంది. ఫోను మోగింది. చిట్టి చేతిలో మాత్ర ఆగింది. శనివారం. ఆ ఫోను ఎవరిదో ఆమెకి తెలుసు. కానీ భుజం మీద పట్టీ ఉంది. ఎదురుగా మంచం మీద మనిషి నోరు తెరుచుకుని ఉంది.

"మీ పేరు చెప్పండమ్మా" అంది చిట్టి.

దగ్గావిడకి ఇచ్చింది. కిటికీ దగ్గర బస్సులావిడకి ఇచ్చింది. "వచ్చాడా మీవాడు?" అని అడిగింది. "నిన్న వచ్చాడమ్మా, హారను కూడా కొట్టాడు" అంది ఆవిడ, ముఖమంతా వెలిగిపోతూ. ఇది అత్తయ్యకి చెప్పాలి అనుకుంది చిట్టి. అనుకున్నాక, అలా అనుకుని ఎన్నాళ్లయిందో గుర్తొచ్చి ఆమె కళ్లు చెమర్చాయి.

ట్రే ఖాళీ అయ్యాక గుమ్మం దగ్గరికి వచ్చి పట్టీ తీసింది. ఇన్‌ఛార్జి లేచి నిలబడింది.

"బడి నుంచి ఫోనొచ్చింది సిస్టర్. హెడ్‌మిస్ట్రెస్‌గారట. మీతో మాట్లాడాలన్నారు." ఆవిడకి సంగతి అర్థమైందని ఆ గొంతులోనే తెలుస్తోంది. "మందులిస్తోంది, ఇప్పుడు పిలవకూడదు అన్నాను. అవునో కాదో చెప్పమన్నారు. నేనేమీ చెప్పలేదు. నంబరిచ్చారు, చెయ్యండి."

చిట్టి ఫోను వైపు చూసింది. స్టూలు వైపు చూసింది.

"మీరే చెయ్యండి మేడమ్. ఫోన్లు మీవి కదా."

"నేనా? ఏమని చెప్పను?"

"ఇందాక చెప్పిందే. చిట్టి సిస్టర్ మందులిస్తోందని."

"అయిపోయింది కదా?"

చిట్టి పట్టీని మేకుకి తగిలించి, సంచిలోంచి దువ్వెన తీసింది.

"సాయంత్రం మళ్లీ ఇవ్వాలి మేడమ్. రేపూ ఇవ్వాలి. అదే చెప్పండి."